రాగి పలక మీద నిలవని సిరా

మా అమ్మకు చెవులు సరిగా వినిపించవు. నిన్న ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ బెల్లు కొట్టీ కొట్టీ అరగంట గుమ్మంలోనే నిలబడింది. అందుకే ఈ రోజు సెలవు పెట్టి, బెల్లు నొక్కితే అమ్మ గదిలో లైటు వెలిగే సర్క్యూట్ చేయడానికి కూర్చున్నాను. రాగి పలక మీద మార్కర్‌తో గీతలు గీసి, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే, గీతల కింది రాగి మాత్రమే మిగలాలి. రెండుసార్లూ సిరా కరిగిపోయి, పలకలు పాడయ్యాయి.

కాలు నిలవక సరోజినీ నగర్‌లో క్యాసెట్ల కొట్టు పక్కనున్న స్టేషనరీ షాపుకు వెళ్లాను. ఒక్కో మార్కర్‌తో రాగి ముక్క మీద గీసి, గోటితో గీకి చూస్తున్నాను. ఆరో పెన్ను దగ్గర షాపాయనకు విసుగొచ్చింది.

"భాయీసాబ్, రాయడానికా, చెరపడానికా?" అన్నాడు హిందీలో.

పక్కనే నోటుపుస్తకాలు కొంటున్న తెలుగావిడ నా గొణుగుడు విని నవ్వి, "గోళ్ల రంగుతో గియ్యి బాబూ. మా గిన్నెల అడుగున పేరు దాంతోనే రాశాను, ఏడాదైనా పోలేదు" అంది.

ఇంటికొచ్చి మా ఆవిడ గోళ్ల రంగులో అగ్గిపుల్ల ముంచి ఇంకో పలక మీద గీశాను. ద్రావణంలో వేశాక రెండు నిమిషాలకోసారి లేచి చూశాను. గీతలు చెక్కుచెదరలేదు.

సాయంత్రం మా ఆవిడ బెల్లు నొక్కగానే అమ్మ గదిలో లైటు వెలిగింది, అమ్మే వెళ్లి తలుపు తీసింది. గోళ్ల రంగు సీసా ఖాళీ అయిన సంగతి మాత్రం మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. మీరైతే ఎలా చెబుతారు?