శుక్రవారం నాటి అజొల్లా

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మా అత్త పదకొండేళ్ళుగా అందరికీ చెబుతూనే ఉంది. చెప్పనీ, అబద్ధమేం కాదు.

కోవిల్‌పట్టి నుంచి కయత్తారు వెళ్ళే దారిలో, గాలిమరల కింద మా ఊరు. అంతా నల్లరేగడి, అంతా మెట్ట. ఆ ఏడు దీపావళి రోజుల్లో కురవాల్సిన ఐప్పసి నెల వానలు ముఖం చాటేశాయి. జొన్న మోకాలెత్తుకు రాకుండానే ఎండింది. పెరట్లో చొప్పవామి రోజురోజుకీ తరుగుతుంటే, అత్త ఒకనాడు దాని పక్కన నిలబడి చెప్పేసింది.

"ఇది నా నడుముకు దిగితే యాపారికి చెప్పి పంపుతాను. ఆవుని ఆకలికి నిలబెట్టి సూసే పావం నాకొద్దు."

ఆ ఆవు పుట్టిననాడు గోనెపట్టాతో దాని ఒళ్ళు తుడిచింది నేను. దాన్ని తోలనివ్వకూడదని అక్కడే నిశ్చయించుకున్నాను.

పశువుల డాక్టరు ఒకాయన నా గోడు విని, కవరులో పిడికెడు అజొల్లా ఇచ్చాడు. నీటి మీద తేలే సన్నటి ఆకు, ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత. పశువులు తింటాయి. "అల్లుకున్నాక రోజూ కొంత తియ్యాలమ్మా, తియ్యకపోతే చెడుతుంది" అన్నాడాయన. చెడుతుందన్న మాట విన్నాను. రోజూ అన్న మాట సరిగ్గా వినలేదు.

పెరట్లో మోకాలి లోతు గుంట తవ్వి, టార్పాలిన్ పరిచి, జల్లించిన మట్టి, పేడనీళ్ళు పోసి, ఆ పైన కుళాయి నీళ్ళు బిందెలతో మోశాను. అత్త గడప మీద కూర్చుని చూసింది.

"మింగ మెతుకు లేదుగాని మీసాలకు సంపంగి నూనంట. మనుసులకే నీళ్ళు లేవు, పాచికి పోస్తా ఉండాది!"

పది రోజుల్లో గుంట నిండా పచ్చగా అల్లుకుంది. పొద్దున్నే లేచి దాన్ని చూడటమే నాకు పండుగ. అయితే తియ్యడానికి చెయ్యి రాలేదు. మెట్ట పైరును మేం చూస్తూ కూర్చుంటాం, గింజ పట్టేదాకా ముట్టుకోం. విరుదునగర్ బజారువీధిలో పెరిగినదాన్ని, ఇలాంటి పట్టింపులు నాకుండవనుకున్నాను. పదకొండేళ్ళ రేగడి నా కాళ్ళకే కాదు, బుద్ధికీ అంటుకుంది. ఇంకా చిక్కబడనీ, ఇంకా చిక్కబడనీ అనుకుంటూ రెండు రోజులు గడిపాను. మూడోరోజు మంగళవారం. మంగళ, శుక్రవారాల్లో పచ్చ తుంచకూడదని అత్త ఆంక్ష. కరివేపాకు రెమ్మ కూడా ముందురోజే కోసి పెట్టుకుంటాం. మర్నాడు అమావాస్య అంది. దానికీ తలూపాను.

గురువారం పొద్దున గుంట దగ్గరికి వెళితే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఆకు మీద ఆకు పేరుకుని పైది ఎర్రబారింది, కిందిది కుళ్ళి జిగురైంది. బాగున్నదేదో ఏరి కడిగి పెడితే, ఆవు మూతి ఆనించి తల తిప్పేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే నా మీద నాకు కోపం ఎక్కువొచ్చింది. తియ్యమన్నది తియ్యకుండా చేతులారా చంపుకున్నాను.

ఆ పూటే అంతా తోడేశాను. పచ్చగా మిగిలిన రెండు పిడికిళ్ళు మంచినీళ్ళలో దాచి, గుంట కడిగి, మట్టి మార్చి, మళ్ళీ వదిలాను. ఎండ దిగకుండా తాటాకు తడిక కప్పాను. ఈసారి అల్లుకున్న మొదటి రోజు నుంచే పిండి జల్లెడ పట్టుకుని మూడోవంతు తీశాను. మిగిలినదాన్ని చేత్తో కదిపి విడదీశాను. తీసినదాన్ని మూడు నీళ్ళలో కడిగి, తవుడులో పత్తిగింజల పిండితో కలిపి పెట్టాను. ఆవు మొదట తవుడు మాత్రం నాకి వదిలేసింది. మూడో రోజుకి తొట్టి అడుగు తళతళలాడింది.

మంగళవారం వచ్చింది. అత్త గుంటకు అడ్డంగా నిలబడింది.

"నా ఇంట్లో ఈ పొద్దు పచ్చమీద చెయ్యి పెడతావా?"

"ఆ పొద్దు పెట్టకనే కుళ్ళిపోయింది అత్తా. పావం నాకే రానీండి, పక్కకు జరగండి."

జరిగింది.

మర్నాడే చొప్పవామి ఆమె నడుముకు దిగింది. అన్నమాట ప్రకారం కబురు పంపింది. శుక్రవారం ఆవును ఇల్లు దాటించరు గనక, ఆ రోజు బేరం మాట్లాడి శనివారం తోలుకుపోతానని వ్యాపారి జవాబు. నేను ఎంత మొత్తుకున్నా "వచ్చి సూడనీ" అందే తప్ప మరో మాట లేదు. శుక్రవారమే విరుదునగర్‌లో మా అమ్మ కంటికి ఆపరేషన్. వెళ్ళక తప్పదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా దారిలో ఏమీ కనబడలేదు. ఈ పూట తియ్యకపోతే రేపటికి పేరుకుంటుంది, రేపటికి తినడానికి ఆవుంటుందో లేదో అనుకుంటూ పోయాను. అమ్మ కంటికి కట్టు కట్టగానే తిరుగు బస్సెక్కాను.

సాయంత్రం పెరట్లోకి పరుగెత్తాను. ఆవు కట్టుగొయ్య దగ్గరే ఉంది. తడిక తీసి ఉంది. గుంటలో మూడోవంతు మేర నీళ్ళు కనిపిస్తున్నాయి, జల్లెడ గోడకు బోర్లించి ఉంది. అత్త మెట్టు మీద కూర్చుని తడి తల ఆరబెట్టుకుంటోంది.

"యాపారి వచ్చినాడా అత్తా?"

"వచ్చినాడు. శుక్కురారం కదా, తలకు నూనె పెట్టుకోని కూచోని ఉంటిని. నూనె తలతో ఎవురైనా బేరం మాట్లాడతారా? పోయి రా అంటిని."

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

అత్త దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు లాగి వేలికి చుట్టుకుంది.

"నీ పాచికి గూడ దువ్వితిని" అంది. "తుంచలేదు, దువ్వితిని. దువ్వితే వచ్చిండేది ఆవుకి పెడితిని."