మిర్యాలగూడలో విన్న ఫుట్‌బాల్

నాగార్జునసాగర్ కడుతున్న రోజుల్లో ఇద్దరు అమెరికన్లకు దుబాసీగా వెళ్తూ మిర్యాలగూడలో టీకి ఆగాను. హోటల్ రేడియోలో ఇంగ్లీషు ఫుట్‌బాల్ కామెంటరీ వస్తోంది. ఒక అమెరికన్ చెవి రిక్కించాడు. రెండో ఆయన నవ్వాడు. “గోల్సే పడని ఆట, పైగా రేడియోలోనా!”

నేనది తెలుగులో చెప్పగానే పక్కనున్న రైసుమిల్లు హమాలీ మల్లయ్య అన్నాడు: “పడ్తదా పడదా అని గుండె కొట్టుకుంటది సూడున్రి సార్, గదే ఆట.”

“నీకు ఇంగ్లీషు వచ్చా?”

“ఒక్క ముక్క రాదు. గొంతును బట్టి ఎరుకైతది. ఇగో, గోల్ కాడికి వచ్చిన్రు... జర ఆగున్రి... అయ్యో, పాయె!”

కామెంటేటర్ చెప్పిందీ అదే. నేను అబ్బురపడి అమెరికన్లకు చెప్పాను. నవ్వినాయన బెంచీని రేడియో దగ్గరకు లాక్కున్నాడు.

గోల్ లేకుండానే ఆట ముగిసింది. ఆయన లేచి మల్లయ్యతో చెయ్యి కలిపాడు.

“సారు చెయ్యంతా చెమటనే,” అన్నాడు మల్లయ్య నాతో.