పెద్దిరాజు, గడ్డికట్ట

చెత్త ఎలా తగ్గించాలో ఇంటింటికీ చెప్పడానికి నూజివీడు మున్సిపాలిటీ పెట్టుకున్న మనిషి పెద్దిరాజు. జమీందార్లు తిన్నా కూలీలు తిన్నా మామిడి రసాలు మాగేది గడ్డిలోనే, ఆ తర్వాత ఆ గడ్డి చేరేది చెత్తలోకే కదా. అందుకే గుమ్మంలో గొంతుక్కూర్చుని, మామిడిపెట్టెలోని గడ్డిని వేళ్లతో దువ్వి, "ఇంకో రెండు పెట్టెలకి పనికొస్తుందండీ, దాచండి, మా బండిలో మామిడికాయల మండీకి పంపిస్తాను" అంటాడు. ఓ రోజు పొద్దున్నే ఆఫీసులో, ప్రచారానికీ బండికీ నిధులు ఆగిపోయాయనీ, రేపట్నుంచి రావద్దనీ చెప్పారు. తలూపి, మామూలుగానే వీధిలోకి వచ్చాడు. టీచరు సౌభాగ్యలక్ష్మి గడ్డి దులిపి, కట్టగట్టి ఉంచింది. "రెండు నెలలు నా బుర్ర తిన్నారుగా, చూడండి, ఒక్క పరక పారెయ్యలేదు! వచ్చేవారం మా అక్కావాళ్లది కూడా ఇప్పిస్తాను." "అలాగేనండీ" అని, కట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్లే చాట్రాయి బస్సెక్కాడు. "ఏంటి బాబాయ్, గేదెను కొన్నావా?" అన్నాడు కండక్టరు. "లేదు" అని పెద్దిరాజు కట్టను ఒళ్లోకి సర్దుకుని, టికెట్టు తీసుకున్నాడు.