దేవానందం నక్షత్ర నౌక

తిరువూరులో పెళ్ళి స్టేజీలు అలంకరించే దేవానందం కట్టిన ఓడ ఇంతవరకు నేల విడిచింది లేదు. మహా అయితే ట్రాక్టరు ట్రక్కెక్కి విస్సన్నపేట దాకా పోతుంది. అయినా ఎవరైనా దాన్ని రాకెట్టు అన్నారంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"రాకెట్టు కాదండీ, నక్షత్ర నౌక. రాకెట్టు పైకి పోయి ఊడి పడిపోద్ది. ఇది ఎంత దూరం పోయినా మళ్ళీ ఇంటికొస్తుంది" అంటాడు.

దాన్ని మొదట కట్టింది రెడ్డిగూడెం మామిడి వ్యాపారి గిరిబాబు మనవరాలి పుట్టినరోజుకి. ప్లైవుడ్డు, రేకులు, వెండి రంగు, చుట్టూ సీరియల్ లైట్లు, అడుగున పొగ మిషను. కేకు కోసే వేళకి దేవానందం పొగ వదిలాడు. పాప జడుసుకుని కేరుమంది. చుట్టాలు దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. పొగ తగ్గాక చూస్తే కేకు దగ్గర ఫోటోగ్రాఫరు ఒక్కడే మిగిలాడు.

ఆ డిసెంబరులో క్రిస్మస్ అలంకరణకని ఓడ చర్చి ఆవరణకి చేరింది. పాస్టరుగారు చూసి నిలువునా నీరయ్యారు.

"దేవానందం, జ్ఞానులు ఒంటెల మీద వచ్చారయ్యా!"

"నక్షత్రాన్ని పట్టుకునే కదండీ వచ్చారు అయ్యగారూ?"

ఓడ పశువుల పాక వెనకాల నిలబడింది. ఆ ఏడు పిల్లలు గొర్రెల కాపరుల వంక చూడనే లేదు.

ఓడకి అసలు పేరొచ్చింది మాత్రం ఎ.కొండూరులో అంకారావుగారి అమ్మాయి రుచిత రిసెప్షన్‌లో. అది పెళ్ళికి ముందు రోజు సాయంత్రమే పెట్టారు. పెళ్ళికొడుకు నవదీప్, రుచిత ఓడలో కూర్చుని ఉంటే, తలుపు తెరుచుకుని ఇద్దరూ స్టేజీ మీదకి దిగాలి. మధ్యాహ్నం వాన పడింది. తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. బాజాలు మోగాయి, పూలు చల్లారు, తలుపు కదల్లేదు.

"ఏంటయ్యా ఇది? లాగు!" అంకారావు అరిచాడు.

"లాగితే తలుపు రెక్క ఊడొస్తుందండీ" అన్నాడు దేవానందం, స్క్రూడ్రైవరు పట్టుకుని చెమటలు కక్కుతూ.

ఈలోపు జనం వరస కట్టేశారు. కానుకలు గుండ్రటి కిటికీలోంచి లోపలికి వెళ్ళాయి. ఫోటోలు కిటికీ పక్కన తల పెట్టి దిగారు. రుచిత నాయనమ్మ మాణిక్యమ్మ గారెల పళ్ళెం అందించి, "పచ్చడి కావాలేంటే?" అని అడిగింది.

చివరికి స్క్రూలన్నీ విప్పి తలుపు ఊడదీస్తే, కోపంగా ఉంటారనుకున్న ఇద్దరూ నవ్వుకుంటూ దిగారు. సంబంధం కుదిరినప్పటి నుంచి వాళ్ళని పెద్దవాళ్ళు పట్టుమని పది మాటలు మాట్లాడుకోనివ్వలేదట. ఆ కబురు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది.

దేవానందం మాత్రం సిగ్గుతో రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తలుపుకి కొత్త కీళ్ళు వేశాడు, నూనె రాశాడు. వేలితో తోస్తే తెరుచుకునేలా చేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి.

"తలుపు బిగుసుకుపోయే ఓడ మీదేనా అండీ?"

"ఇప్పుడు బ్రహ్మాండంగా తెరుచుకుంటుందండీ!"

అవతలివాళ్ళు నిరాశగా ఫోను పెట్టేసేవాళ్ళు. ఇలా కాదని భార్య ప్రేమావతి ఫోను లాక్కుంది. "బిగుసుకుంటుందండీ, ఆ పూచీ నాది" అని బుకింగులు తీసుకుంది.

"నా పనితనం ఏం కావాలి?" అని ఆయన గింజుకున్నాడు.

"నీ పనితనం చూడ్డానికి ఎవరొస్తున్నారయ్యా?"

మొన్న విస్సన్నపేట పెళ్ళిలో పాటలు మోగినా తలుపు తెరుచుకోలేదు. ఈసారి ప్రేమావతి దాన్ని బిగించే జోలికే పోలేదు. దేవానందం కంగారుగా వెళ్ళి గుంజాడు. లోపలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"అంకుల్, కాసేపు ఆగండి" అంది పెళ్ళికూతురు గొంతు.

దేవానందం ఓడ మెట్టు మీద కూర్చుని, ఎదురొచ్చిన పెళ్ళిపెద్దతో తాపీగా అన్నాడు:

"టైం పడుతుందండీ. ఈలోపు టీ ఏమన్నా ఇప్పిస్తారా?"