గురుబరపల్లి ఏట్లో పిల్ల పీతల వేట

నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. సముద్రం అడుగున పిల్ల పీతలు రాళ్ల సందులున్న చోటే ఎక్కువగా నిలదొక్కుకుంటాయని, ఉత్త ఇసుకలో ఉంటే చేపల పాలవుతాయని జంతుశాస్త్రం క్లాసులో విన్నప్పటినుంచి మనసు ఊరుకోలేదు. మన ఏట్లోనూ అంతేనా? ఈ మార్చిలో కాలేజీవాళ్లు సముద్రతీరానికి వెళ్తున్నారు. సొంతంగా చూసి రాసిన నోటుపుస్తకం బాగున్న ఇద్దరికే చోటు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. ఆ చోటు నాకు కావాలి!

హోసూరులో ఆరున్నర బస్సెక్కితే ఎనిమిదికల్లా గురుబరపల్లిలో దిగవచ్చు. టికెట్టు నాలుగు రూపాయలు.

"ఒక్కదానివే యాడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఏట్లో ఎండ్రకాయలు చూసేదానికప్పా." మావైపు పీతలను అలాగే అంటారు.

"దీనికా నిన్ను కాలేజీకి పంపినారు!" అన్నాడు నా చేతిలోని కాలేజీ నోటుపుస్తకం చూసి. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

రాగిచేల గట్ల మీద ముప్పావుగంట నడిస్తే ఏరు. ఇసుక, బురద, రాళ్లు మూడుచోట్లా చాపంత మేర వెతికాను. ఇసుకలో ఏమీ లేవు. బురదగట్టు బొక్కలో పెద్ద మగపీత ఒకటి. రాళ్ల కింద గోరంత పిల్లలు పదకొండు! ఎగిరి గంతేశాను. సరిచూసుకుందామని గంట ఆగి మళ్లీ వెతికితే, రాళ్ల దగ్గరా ఒక్కటీ లేదు. నీళ్లలోనే కూలబడ్డాను.

గొర్రెలు తోలుకొచ్చిన ఒక అవ్వ, పేరు మునెమ్మట, గట్టు మీదనుంచి అరిచింది. "ఈ రాళ్లన్నీ ఎవరే తిరగేసి పారేసింది?"

"నేనే అవ్వా."

"ఇంటికప్పు పీకేసి, ఇంట్లోవాళ్లు యాడికి పోయినారని ఏడుస్తావా? తీసిన రాయి తీసినట్టే పెట్టాల."

మొగుడి దగ్గుకు ఎండ్రకాయల రసం కాచాలని వచ్చిందట. నన్ను కొంచెం పైకి, ఎవరూ కదిలించని రాళ్ల దగ్గరికి తీసుకుపోయింది. ఒక రాయెత్తి పెద్ద పీతను పట్టి వెల్లకిలా తిప్పింది. పొట్టకింది రేకు లోపల, రాగిగింజల్లా కదులుతున్న పిల్లలు! కేక పెట్టేశాను.

అవ్వ దాన్ని మెల్లగా వదిలి రాయి కప్పింది.

"మరి తాతకు రసం?"

"పిల్లలతల్లిని కాచుకు తాగేదానికి మాకేమి కరువే? బొక్కలో మగది చూసినానంటివే, ఆడికి తీసుకుపో."

దాన్ని చూపించాక, ఈసారి ప్రతి రాయినీ ఉన్నట్టే పెడుతూ వెతికాను. తొమ్మిది పిల్లలు. గంట తర్వాత మళ్లీ చూస్తే ఎనిమిది!

సముద్రపు పిల్లలు నీళ్లలో కొట్టుకొచ్చి చోటు వెతుక్కుంటాయట. మన ఏటి పిల్లలను తల్లే మోసుకొచ్చి దించుతుంది. రెండింటికీ కావలసింది ఒక చిన్న సందు. మొదటి చోట రెండోసారి ఏమీ దొరకలేదన్నదాన్ని నోటుపుస్తకంలోంచి నేను కొట్టేయలేదు. "రాళ్లు తిరగేసి వదిలేసిన తప్పు నాది" అని పక్కనే రాశాను. మాస్టారు ఆ వాక్యం రెండుసార్లు చదివి, జాబితాలో నా పేరు రాశారు.

మీరు వెళ్తే ఉదయమే, నీళ్లు తేటగా ఉన్నప్పుడు వెళ్లండి. ఎత్తిన రాయిని ఎత్తినట్టే పెట్టి రండి. నేను సముద్రం దగ్గరా అదే చేస్తాను.