తునికాకు బోనస్

పొద్దున టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో, ఆకు కోసినవాళ్లకు లాభంలో వాటాగా సర్కారు ఇచ్చే తునికాకు బోనస్, ఎప్పటిదో, ఇప్పుడు విడుదలైందని చూశాను. చేతిలో కాఫీ ఉన్న సంగతి మరిచి "ఇప్పుడా!" అని అరిచాను. రిటైరైన పంతులమ్మ గొంతు కదా, ఖమ్మంలో మా పక్కింటివాళ్లు కూడా ఉలిక్కిపడే ఉంటారు.

చర్ల అవతల అడవి ఊళ్లో పనిచేసిన రోజుల్లో ఒక కోయ ముసలామె ఇంట్లో కిరాయికి ఉండేదాన్ని. ఊరంతా అవ్వ అనేవారు, నేనూ అంతే. కిరాయి ఆలస్యమైనా ఏమీ అనేది కాదు గానీ, ఇప్పపూలు ఎండేసిన చాప మీద పొరపాటున కాలు పెట్టానో, ఇక ఆ పూటంతా నాకు పాఠమే. అవ్వకూ ఆమె కొడుక్కూ ఉన్నదల్లా కాస్త పోడు చెలక, ఒక జత ఎడ్లు. ఎండాకాలం తునికాకు కోసి అమ్మితేనే వానాకాలానికి బియ్యం, విత్తనాలు. ఆ ఏడు పంట పోయింది. ఆకు డబ్బు రాకపోతే ఎడ్లను సంతకు తోలడం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ ఏడే టెండరు కుదరలేదు. కొనేవాళ్లంతా కూడబలుక్కుని తక్కువకు పాడారట, పైవాళ్లు ఆ పాట రద్దుచేశారట, ఈలోగా ఎన్నికలట. ఫైలు హైదరాబాదులో ఉంది, ఆకు చెట్టు మీద ఉంది. ముదిరితే బీడీకి పనికిరాదు. కట్టలు లెక్కచూసి తీసుకునే కల్లేదారు జాడే లేదు. ఎన్నికల పని పడి సెలవుల్లోనూ నేను ఊళ్లోనే ఉన్నాను. ఒకరోజు అటవీశాఖ జీపు మైకు పెట్టుకుని వచ్చి, "కొయ్యుండ్రి, సర్కారే కొంటది" అని చెప్పి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"నమ్మొచ్చా అవ్వా?"

"నమ్మక ఏం జేస్త పంతులమ్మా? ఆకు ఆగుతదా?" అంటూ కొంగు బిగించింది.

తెల్లవారకముందే అడవికి పోయి కోసుకొచ్చి, నీడన కట్టలు కట్టి, ఊరి కల్లంలో ఎవరి వరస వాళ్లు పరిచారు. కల్లేదారు లేని కల్లం అదే మొదటిసారి. అవ్వ కట్టలు తిప్పేది, దారి వైపు చూసేది. సగం ఆరాయో లేదో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి మబ్బు లేచింది. బడి తాళం తీయడానికి పరుగెత్తాను. ఆరిన కట్టలు లోపలికి మోశాం. పచ్చివి పేర్చిపెడితే ఉడికిపోతాయి, వాటిని వదిలేయక తప్పలేదు. అవ్వ వానలోనే నిలబడి కోయలో ఎవరినో తిట్టింది. ఎవరినని అడగలేదు, తెలుగులో నేనూ అదే పనిలో ఉన్నాను.

ఆ తరవాత వారమే టెండరు ఖాయమైంది. రేటు పెంచామని టీవీలో సంబరాలు. కల్లేదారు వచ్చి బడిలో దాచిన కట్టలు తీసుకుని, మచ్చపడ్డవాటిని కాలితో నెట్టాడు.

"బోనస్ గూడ వస్తదిలే అవ్వా."

"ఎప్పుడు బిడ్డా? దుక్కికి ముందుగాల్నా?"

అతను నవ్వి లెక్కల పుస్తకం మూశాడు. ఎడ్లు సంతకు పోయాయి. ఆ వానాకాలం అవ్వా, కొడుకూ పారలతో చెలక తవ్వారు. చూడలేక నేను బడి కిటికీ మూసుకున్నాను.

ఇవాళ ఆ కొడుక్కి ఫోన్ చేశాను. "అవ్ మేడం, పడ్డయి, అమ్మ పేరు మీద," అన్నాడు. "బ్యాంకుల అమ్మనే వచ్చి ఏలుముద్ర ఎయ్యాలంటున్నరు. అమ్మ పోయినంక ఇది రెండో వానాకాలం. ఏం జెయ్యమంటరు?"

ఇన్నేళ్లూ పిల్లలకు రోజులు, నెలలు, ఏళ్లు నేర్పాను. సర్కారు డబ్బు ఇల్లు చేరేలోగా ఒక మనిషి బతుకే అయిపోతుందని మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.