వెనక చాప మీద పెద్దమ్మ

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింబావుకి మా పెద్దమ్మ గుడి వసారాలో చాపలు దులిపి పరిచింది. ప్రతి ఆదివారం చేసే పనే. ఆమె మా అమ్మకు అక్క. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది, పిల్లలకు సండేస్కూలు చెప్పేది. ఆ రోజు మాత్రం బైబిలు తెరవకుండా, సినిమా చూసినవాళ్ళను చేతులెత్తమంది.

ఎవరమూ ఎత్తలేదు. విడవలూరు దారిలో సరుగుడు గుంజలు పాతి డేరా సినిమా పెట్టి అప్పటికి నెల అయింది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే వాళ్ళ మైకు పాటలు మా పాలెం దాకా వచ్చేవి. మా సంఘంలో సినిమా చూడడం పాపం. చూసినట్టు తెలిస్తే బల్ల మాన్పించేవారు. అంటే నెల మొదటి ఆదివారం అందరితో పాటు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఆ రోజు బాప్తిస్మం కాని పిల్లలతో కలిసి వెనక చాప మీద కూర్చోవాలి.

పెద్దమ్మ తన చెయ్యి తానే ఎత్తింది.

"నేను చూసినాను. చూడకుండా తప్పని మీకు చెప్తే అబద్ధ సాక్ష్యమవుతుందని పోయినాను."

అప్పుడు ఒక్కొక్క చెయ్యే లేచింది. నాది కూడా. డేరా గుడ్డ కిందనుంచి దూరి సగం సినిమా చూశాను.

కథ మా చేతనే చెప్పించింది. భర్త అనుమానంతో భార్యను వెళ్ళగొడతాడు. చివరికి ఆమె వచ్చి అతని కాళ్ళ మీద పడుతుంది, అతను లేవనెత్తుతాడు, జనం ఈలలు వేస్తారు. క్షమించుకున్నారు కాబట్టి మంచి కథే అన్నాము. పెద్దమ్మ తొందరపడలేదు. తప్పు చేసింది ఎవరు, క్షమించమన్నది ఎవరు అని అడిగింది. తర్వాత అడిగిన మాట ఇప్పటికీ అలాగే గుర్తుంది.

"ఈ కథలోకి ప్రభువు వస్తే ఎవరి పక్కన కూర్చుంటాడు?"

సినిమాను అలా అడగవచ్చని మాకు తెలియదు. పాఠాన్ని కూడా అలా అడగవచ్చని తెలియదు. ఆ గంట మేము పోట్లాడుకున్నంత సంతోషంగా ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

మరునాడు బావి దగ్గర సంఘపెద్ద భార్య ఎగతాళి చేసింది.

"ఏం వదినా, నేల టిక్కెట్టులో దేవుడు కనపడినాడా?"

"దేవుడు కనపడలేదు గాని, బెంచీ టిక్కెట్టులో మీ ఆయన కనపడినాడు."

చేదలు వదిలేసి నవ్వారు ఆడవాళ్ళు. నేనూ నవ్వాను.

ఆ శనివారం సిద్ధపాటు కూటం. బల్లకు ముందు తప్పులు ఒప్పుకునే కూటం అది. పెద్దమ్మ గుడిలో పిల్లలకు సినిమా కథలు నేర్పుతోందని ఫిర్యాదు చేసింది ఆ సంఘపెద్దే. పెద్దమ్మ నిలబడి, తాను సినిమా చూసిన మాట నిజమని, పిల్లలకు మాత్రం చెడు నేర్పలేదని అంది. బెంచీ టిక్కెట్టు మాట ఎత్తలేదు. బావి దగ్గర అన్నది అక్కడ అంటే ఒక ఇల్లు కూలుతుందని తెలిసే ఎత్తలేదు. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచారు. మా నాయన పెద్దల వరసలో కూర్చుని చూస్తున్నాడు.

"పెద్దమ్మ మీకు సినిమా కథ చెప్పిందా?"

చెప్పింది మేము. ఆమె అడిగింది. ఆ మాట చెబితే నేను డేరాలో దూరిన సంగతి బయటపడుతుంది. అవునన్నాను. పెద్దమ్మ నా వైపు చూసింది, కాదనలేదు.

పెద్దమ్మను సండేస్కూలు నుంచి తీసేశారు. ఏడాది పాటు బల్ల మాన్పించారు. ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుంటూ నాతో ఒకే ఒక మాట అంది.

"భయపడినావు పాపా. అది నాకు తెలుసు. నీకు కూడా తెలిసుండాల."

తర్వాత ప్రతి నెల మొదటి ఆదివారం వచ్చి వెనక చాప మీద నా పక్కనే కూర్చునేది. రొట్టె పళ్ళెం ముందు వరసల్లో తిరుగుతుంటే తల వంచుకునేది. సంఘపెద్ద పళ్ళెం పట్టుకుని తిరిగేవాడు. పదో నెలలో పెద్దమ్మ జ్వరం వచ్చి చనిపోయింది. మళ్ళీ బల్లలో పాలు పొందకుండానే పోయింది. అయ్యగారు సమాధి దగ్గర ఆమె ఓర్పును మెచ్చుకున్నారు. నేను అప్పుడైనా నోరు తెరవవలసింది. తెరవలేదు.

తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఏ కథ ముగిసినా ఆమె ప్రశ్న వేసుకుంటాను. జవాబు ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. ఆ శనివారం సంగతికి మాత్రం జవాబు వెతకనక్కరలేదు. ప్రభువు ఎవరి పక్కన కూర్చునేవాడో తెలుసు. ఆ చాప మీద ఆమెకు ఒక పక్కన ఆయన ఉంటే రెండో పక్కన నేనున్నాను, అంతే.

మా సంఘంలో ఇప్పుడు సినిమా చూసినందుకు ఎవరికీ బల్ల మాన్పించరు. చూసి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి ఆ ప్రశ్న కూడా ఎవరూ అడగరు.